గుల్ల బీరువా

అమ్మిన బీరువా మళ్ళీ గుమ్మం ముందుకి వచ్చి నిలబడింది.

దాన్ని దింపిన మనుషులు చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. దులుపుకోవలసినంత పిండి వాళ్ళ చేతులకి అంటుకుంది మరి. సన్నటి చెక్కపిండి. వెనకాలే టీచరమ్మ వచ్చింది. మొన్న ఇదే గుమ్మంలో నిలబడి "కొత్తది కూడా ఇంత బావుండదమ్మా" అని మురిసిపోయిన టీచరమ్మే. ఇవాళ మాత్రం తప్పుల కాగితాలు దిద్దే మొహంతో వచ్చింది.

"దుప్పట్లు తీద్దామని అర మీద చెయ్యేశాను. అర ఊడి చేతిలోకొచ్చింది," అంది. "ఉతికి పెట్టుకున్న బట్టలన్నిటికీ పౌడరు పూసినట్టయింది. మీరే చూడండి డాక్టరు గారూ."

డాక్టరు గారంటే వైద్యుడనుకునేరు. పాత సామాను బాగుచేసి అమ్ముకునే మనిషి. ఏదైనా కొనేముందు రోగి ఛాతీ మీద తట్టినట్టు మెటికలతో అక్కడా ఇక్కడా తట్టి, తల ఓ పక్కకి వంచి విని, "గట్టిది" అనో "లోపల గుల్ల" అనో చెప్పేస్తాడు. అందుకని ఆ వీధి అతనికి ఆ పేరు పెట్టింది. అతను గట్టిదన్న మంచం మీద ఏనుగు ఎక్కినా విరగదని ఓ నమ్మకం.

అతని భార్యని అందరూ చిట్టి అంటారు. అక్క పెట్టిన ముద్దుపేరు. నలభై దాటినా ఆ పేరు మాత్రం పెరగలేదు. అతను కోసి, అతికి, చిత్రిక పట్టి ఇస్తే చిట్టి పాలిష్ పెడుతుంది, కుర్చీలకి పేము అల్లుతుంది, సోఫాలకి గుడ్డ కుడుతుంది, వచ్చినవాళ్ళతో మాట్లాడి అమ్ముతుంది. ముందు గది కొట్టు, వెనక షెడ్డులో పని, మధ్యలో మిగిలిన జాగాలో కాపురం. ఆ కాపురంలో సొంత సామానంటూ ఏదీ లేదు. పొద్దున టిఫిను తిన్న బల్ల మధ్యాహ్నం అమ్ముడుపోతే రాత్రికి నేల మీదే భోజనం.

"నా కళ్ళ ముందే తట్టారు కదండీ," అంది టీచరమ్మ. "తల వంచి మరీ విన్నారు. మనవరాలి పెళ్ళి దాకా ఉంటుందన్నారు."

డాక్టరు ఆవిడ మొహంకేసి చూస్తూ నిలబడ్డాడు.

"మాట్లాడరేం?"

"ఎండలో ఎందుకు టీచరమ్మ గారూ, లోపలికి రండి," అంటూ చిట్టి అడ్డం వచ్చింది. "మార్చి ఇస్తాం. మీకు ఏది నచ్చితే అది తీసుకోండి."

"నచ్చడం సంగతి కాదమ్మా. మా వీధిలో ఎంతమందిని పంపించాను నీ కొట్టుకి! అక్కడ మోసం ఉండదని నా నోటితో నేను చెప్పాను. ఇప్పుడు వాళ్ళే నాకు చెబుతున్నారు, పైన పటారం లోన లొటారం అని."

"గట్టిదేనండీ అది!" అన్నాడు డాక్టరు హఠాత్తుగా. అన్నాడు అనకూడదు, అరిచాడు. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ ఆగి తొంగిచూసింది.

టీచరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "నా మీద అరవక్కర్లేదు. నేను పిల్లల మీదే అరవను," అంది మెల్లగా. ఇంకేదో అనబోయి, అనకుండా వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఆగి చిట్టి మొగుడి వైపు తిరిగింది.

"నిజం చెప్పండి. కొనేటప్పుడు తట్టి చూశారా?"

"చూశాను."

"అన్ని పలకలూ?"

"అన్నీ."

"మరి ఇదేంటి?" చిట్టి మెటికలతో పక్క పలకని కొట్టింది. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. ఉలికీ రంపానికీ తేడా తెలియనివాడికైనా తెలిసిపోయే మోత. "ఇది గట్టిదా?"

అతను పలకకేసి చూడలేదు. ఆమె మొహంకేసి చూశాడు. ఏదో వెతుక్కుంటున్నట్టు చూశాడు.

"గట్టిదే," అన్నాడు.

చిట్టికి ఒళ్ళు మండిపోయింది. "తమరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అంతేనా?"

"పురుగు తర్వాత పట్టుంటుంది. వాళ్ళింట్లో."

"వారం తిరక్కుండానే తినేసిందా? దానికి అంత ఆకలేసిందా? ఆవిడ ఇల్లు కడిగిన పళ్ళెంలా ఉంటుంది, మీరూ చూశారు. తప్పయిపోయిందమ్మా అంటే మన సొమ్మేం పోయింది? ఆవిడ మీద అరుస్తారా?"

"నేనెక్కడ అరిచాను?"

ఆ మాట అతను నిజంగా ఆశ్చర్యపోయినట్టే అన్నాడు. చిట్టికి అది మరీ కోపం తెప్పించింది. అరిచి, అరవలేదని బుకాయించే మగాణ్ణి ఏం చెయ్యాలి? చెప్పవలసింది ఇంకా సగం ఉండగానే అతను వంగి ఊడిన అర తీసుకుని షెడ్డులోకి నడిచాడు.

"నా మాట పూర్తికాలేదు," అంది చిట్టి.

అతను వెళ్ళిపోయాడు.

ఇది ఇవాళ కొత్త కాదు. కొన్ని నెలలుగా ఇదే వరస. పేము అయిపోయిందని చెబితే జవాబుండదు. ఫలానావాళ్ళు మంచం అడుగుతున్నారంటే జవాబుండదు. ఎదురుగా వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడితే అప్పుడు "ఊఁ" అంటాడు. అన్నం తినేటప్పుడు తలెత్తడు. తలెత్తకుండా తినే మనిషి ఎదురుగా కూర్చుని తినడం కన్నా ఒంటరిగా తినడమే నయం. కనీసం ఎవరూ లేరని మనసుకి తెలుస్తుంది.

మునుపు అతను ఇలా ఉండేవాడు కాదు. దీపం ఆర్పాక చీకట్లో పడుకుని ఆ రోజు కొన్న సామాను గురించి కబుర్లు చెప్పుకోవడం ఇద్దరికీ అలవాటు. ఈ కుర్చీ చేతులు ఇంతలా అరిగాయంటే ఇందులో కూర్చున్నది అత్తగారే, కోడలికి కూర్చునే తీరికెక్కడ, అని అతను అనేవాడు. ఈ బల్ల కింద ఎవడో లెక్కలు రాని పిల్లాడు కాలితో తన్నుకుంటూ చదివాడని ఆమె అనేది. పిల్లలు లేని ఆ ఇంట్లో అలా ఎన్నో కుటుంబాలు కాపురం చేసి వెళ్ళాయి. ఒక రాత్రి ఆమె ఏదో చెప్పి నవ్వితే అతను పలకలేదు. మర్నాడూ పలకలేదు. ఆ తర్వాత పాలిష్ మీద దుమ్ము పడుతోందనే సాకు చెప్పి, చాప చంకలో పెట్టుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఆ దుమ్ము ఇప్పటికీ పడుతూనే ఉన్నట్టుంది, చాప తిరిగి రాలేదు.

చిట్టి ఓర్చుకుంది. ఏడ్చింది. అక్కకి ఫోను చేసింది. అక్కావాళ్ళకి వేరే ఊళ్ళో కర్టెన్ల కొట్టు ఉంది. "వచ్చెయ్యి, మేడ మీద గది ఖాళీ చేయిస్తాను, కుట్టుపని నువ్వు చూసుకో" అంది అక్క. పోయిన వారం చిట్టి ఆ మాట మొగుడికి చెప్పేసింది. అతను షెడ్డులో ఒక డ్రెస్సింగ్ టేబులు పని చూస్తున్నాడు. ఆమె అతని వెనక, గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది.

"నేను అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను. బావ బండి పంపిస్తాడు. కుట్టుమిషనూ నా బట్టలూ తీసుకెళ్తాను. ఇది కోపంతో అంటున్నది కాదు. ఆపాలనుంటే ఇప్పుడే ఆపండి."

అతను గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. వెనక్కి తిరగలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఇది పూర్తి అంగీకారమేనని చిట్టి తేల్చుకుంది. బండి రేపు పొద్దున వస్తుంది.

*

ఎంత కోపమున్నా టీ వేళకి టీ పెట్టడం మానలేదు ఆమె. రేపు వెళ్ళిపోయే మనిషికి ఇవాళ పంతాలెందుకని కూడా అనుకుంది. గ్లాసు పట్టుకుని షెడ్డు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

అతను బీరువాని ఈడ్చి షెడ్డులోకి తెచ్చుకున్నాడు. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పక్క పలకకి దవడ ఆనించి, కళ్ళు మూసుకుని, మెటికలతో తడుతున్నాడు. తట్టడం, ఆగడం. దవడ కొంచెం జరపడం, మళ్ళీ తట్టడం. పలక డబడబా మోగుతూనే ఉంది. గుమ్మంలో ఉన్న ఆమెకి వినిపిస్తోంది. అతను మాత్రం ఇంకా గట్టిగా కొట్టి, ఇంకా గట్టిగా దవడ అదుముతున్నాడు. చిన్నపిల్లలు మూసిన తలుపుకి చెవి ఆనించినట్టు ఉంది ఆ వాలకం.

"టీ," అంది.

అతను తల తిప్పలేదు.

"ఏమండీ, టీ చల్లారిపోతుంది."

తడుతూనే ఉన్నాడు. చిట్టి ఊరుకోలేదు. రెండడుగులు వేసి, అతని వీపుకి చేరువగా నిలబడింది.

"పెనం మాడిపోతోంది," అంది. "టీచరమ్మ పోలీసుల్ని తీసుకొచ్చింది." కాస్త ఆగి, "ఇల్లు అంటుకుంది," అంది.

అతను దవడ ఇంకో చోటికి మార్చాడు.

చిట్టి చుట్టూ చూసింది. ఎవరూ లేరు. జన్మలో అనని మాట, ఇంటావంటా లేని మాట, గొంతులోంచి పెగల్చుకుని అంది.

"ఒరేయ్."

ఏమీ కాలేదు. పైకప్పు విరిగి మీద పడలేదు. అతను తిరిగి చూడలేదు. "ఒరేయ్ డాక్టరూ," అంది మళ్ళీ, ఈసారి గట్టిగా. కట్టుకున్నవాణ్ణి ఒరేయ్ అన్నా అతనికి తెలియలేదంటే ఇక అనుమానమేముంది? చిట్టి గ్లాసు కింద పెట్టేసింది.

అతనికి వినబడటం లేదు.

పేము సంగతి వినబడలేదు. మంచం సంగతి వినబడలేదు. చీకట్లో ఆమె నవ్విన నవ్వు వినబడలేదు. ఇన్నాళ్ళూ తనని కాదనుకున్నాడని ఏడ్చింది కదా, ఆ ఏడుపూ వినబడలేదు. చిట్టికి ముందు జాలి కలగలేదు. సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది, మునుపటికన్నా పెద్దగా.

వెళ్ళి అతని ఎదురుగా కూర్చుంది. అతను ఉలిక్కిపడి, తేలు కుట్టిన దొంగలా దవడ తీసేశాడు.

"ఎప్పట్నుంచి?" అంది చిట్టి.

అతను ఆమె పెదాలకేసి చూశాడు. అదీ ఇప్పుడే తెలిసింది ఆమెకి, కళ్ళలోకి కాదు, పెదాలకేసి చూస్తాడని.

"ఏది?"

"బుకాయించకండి. ఎప్పట్నుంచి వినబడటం లేదు?"

అతను చేతిలోని పిండి దులుపుకున్నాడు. మళ్ళీ దులుపుకున్నాడు. దులుపుకోవడానికి ఇంకేమీ మిగలకపోయాక చెప్పాడు.

"మొదట కుక్కరు కూత పోయింది. తర్వాత ఫోను. ఫోను పాడయిందనుకున్నాను. నువ్వు దాంట్లో మాట్లాడుతుంటే, కాదని తెలిసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే గట్టిగా మాట్లాడతావు."

"మాట్లాడితే ఏం?"

"గట్టిగా మాట్లాడితే అది నువ్వు మాట్లాడినట్టుండదు." అతను తల వంచుకున్నాడు. "ఇంకా కొంచెం తెలిసేది అప్పట్లో. దగ్గరికొస్తే. ఆ కొంచెమైనా మామూలుగా వింటే బావుంటుందని."

చిట్టి అతని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. మాట్లాడాలంటే ఇకనుంచి ఇలా ఎత్తాలి కాబోలు. "చెవుల డాక్టరుకి చూపించుకున్నారా?"

"వెళ్ళాను. హ్యాండిళ్ళు కొనడానికి వెళ్తున్నానని చెప్పి. చెవి వెనక ఇనప కడ్డీ మోగించి పెట్టాడు. నా తలని తట్టి చూశాడు."

"గుల్ల అన్నాడా?"

నోరు జారింది. జారాక ఆమె నాలుక కరుచుకుంది. అతను ఒక్క క్షణం చూసి ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు పెద్దగా, వికారంగా, హద్దు తెలియకుండా వచ్చింది. చిట్టి కూడా నవ్వింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. ఇద్దరూ ఆ పుచ్చు బీరువా ముందు కూర్చుని, మతిపోయిన వాళ్ళలా కళ్ళు తుడుచుకున్నారు.

"చెవికి మిషను పెట్టుకుంటే మాటలు కొంచెం తెలుస్తాయన్నాడు," అన్నాడు అతను. "చెక్క సంగతి తెలుస్తుందా అని అడిగాను. ఆయనకి అర్థం కాలేదు."

"మరి ఇన్నాళ్ళూ తట్టింది?"

"నాటకం. తట్టడం, తల వంచడం, అన్నీ అలవాటే కదా. బరువు చూసి, చెక్క మీది చార చూసి చెప్పేసేవాణ్ణి. చాలాసార్లు సరిపోయింది. దీన్ని మాత్రం ముందే ఎవడో బాగా పాలిష్ పెట్టాడు, పిండి కనబడలేదు." తలెత్తి అడిగాడు, "టీచరమ్మ మీద అరిచానా?"

"అరిచారు."

"ఎంత గట్టిగా?"

చిట్టి అతని భుజం మీద చెయ్యేసింది. చాలాకాలానికి వేసింది. ఆ భుజం మీద చెక్కపిండి, ఎండిన జిగురు, ఆమెకి తెలిసిన వాసన.

అప్పుడు తట్టింది ఆమెకి ఆ సంగతి. పోయిన వారం తను చెప్పింది అతని వీపుకి. అంటే అతనికి తెలియదు. తను వెళ్ళిపోతున్నట్టు ఈ ప్రపంచంలో అతనొక్కడికే తెలియదు. ఆపలేదని కదా తను మూట కట్టుకుంది! ఆపడానికి అతనికి వినబడితే కదా!

గుండెల మీంచి బండ దింపినట్టయింది. అనని మాట అయిపోయింది అది. ఇక దాన్ని చెరిపెయ్యడం ఎంతసేపు?

*

అక్కకి ఫోను చెయ్యడానికి ఆమె పెరట్లోకి కూడా వెళ్ళలేదు. షెడ్డు మూలనే, అతనికి వీపు పెట్టి నిలబడి మాట్లాడింది. మొగుడు గదిలో ఉండగానే మొగుడి సంగతి చెప్పుకోవచ్చు, వినడు. అది తెలిసి, మాట్లాడుతున్నంతసేపూ ఆ గదిలో తనొక్కతే ఉన్నట్టు అనిపించింది ఆమెకి.

"బండి వద్దక్కా. నేను రావట్లేదు."

అక్క అంతా విన్నది. చివరిదాకా అడ్డు రాకుండా విన్నది, అది ఆవిడ స్వభావం కాదు.

"పాపం," అంది. "చాలా పాపం. నిజంగానే అంటున్నాను. కానీ చిట్టీ, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. చెవి పోయింది, సరే. నోరేమైంది?"

"అంటే?"

"వినబడలేదు కాబట్టి పలకలేదు. ఒప్పుకున్నాను. తనంతట తను ఒక్క మాట మాట్లాడొచ్చుగా నీతో? తిన్నావా అని అడగొచ్చుగా? దానికి చెవులెందుకు?"

చిట్టి భుజం మీంచి ఓసారి వెనక్కి, అతనికేసి చూసింది.

"నువ్వు అక్కడే ఉండి చెప్పుకుంటూ పో. చెవిటివాడి ముందు శంఖం..." అక్క టక్కున ఆపేసింది. "పాడు నోరు," అంది తర్వాత, తననే. "చూడమ్మా, మీ బావ బండి తీసుకుని బయల్దేరిపోయారు. దారిలో ఏవో సరుకులు దింపి పొద్దున్నే అక్కడికొస్తారు. నింపి పంపుతావో, ఖాళీగా పంపుతావో నీ ఇష్టం. ఖాళీగా పంపినా నేనేమీ అనుకోను. కానీ జాలిపడి ఆగిపోకు. జాలి నాలుగు రోజులకి అరుగుతుంది. అరిగాక నువ్వే నాకు ఫోను చేసి ఏడుస్తావు."

ఫోను పెట్టేశాక చిట్టి అలాగే నిలబడింది. వెనకాల అతను బీరువా బందులు ఊడదీస్తున్న చప్పుడు. ఆ చప్పుడు ఆమెకి మాత్రమే.

*

పక్కనున్న సామానుకి పురుగు పాకకముందే దాన్ని విడగొట్టి తగలెయ్యాలి. ఇద్దరూ పనిలో పడ్డారు. చిట్టి అతనికి ఎదురుగా ఉండేలా చూసుకుంది. అతను పలక పట్టుకుంటే ఆమె మేకు లాగింది. ఆమె మాట్లాడినప్పుడల్లా అతను పని ఆపి చూడాలి, చూసేసరికి పని ఆగాలి. అయినా ఆమె ఆపలేదు. నెలల తరబడి లోపల పేరుకున్నదంతా బయటికి వస్తోంది. టీచరమ్మ ఇంటికి పొద్దున్నే ఇద్దరం వెళ్దామంది. మిషను పెట్టించుకోవాల్సిందే అంది. చాప లోపలికి తెచ్చెయ్యమంది, దీపం వేసుకునే పడుకుందాం, వెలుతుర్లో నిద్రపట్టకపోతే పగలు పడుకుందాం అంది. అతను తల ఊపుతున్నాడు.

"ఇకనుంచి నేను తడతాను," అంది. "గట్టిదైతే ఎలా మోగుతుందో, గుల్లైతే ఎలా మోగుతుందో నేర్పించండి."

"ఎలా నేర్పను?" అన్నాడు. "నువ్వు సరిగ్గా విన్నావో లేదో తెలియడానికైనా నాకు వినబడాలిగా."

"అయితే ఇద్దరం కలిసి తప్పులు చేద్దాం."

అతను నవ్వాడు. నోరు ఇంకా నవ్వులోనే ఉంది, చేతులు మాత్రం ఆగాయి. ఊడదీసిన మేకులన్నీ ఏరి డబ్బాలో వేశాడు. డబ్బా మూత పెట్టాడు.

"రేపు మీ బావ బండి ఎన్నింటికొస్తుంది?" అన్నాడు.

చిట్టి చేతిలో పలక చేతిలోనే ఉండిపోయింది.

"ఏ బండి?" అంది. ఇంతకన్నా తెలివితక్కువ జవాబు ఇంకోటి లేదని తెలుసు, అయినా అదే వచ్చింది.

"నీ కుట్టుమిషనూ బట్టలూ తీసుకెళ్ళే బండి."

"ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే చెప్పావుగా." అతని గొంతు ఎక్కడ పెరగాలో ఎక్కడ తగ్గాలో తెలియక తడబడుతోంది. "డ్రెస్సింగ్ టేబులుకి అద్దం బిగించి తుడుస్తున్నాను. నువ్వు వెనక నిలబడ్డావు. అద్దంలో నీ మొహం నిండుగా కనబడింది. ఒక్క మాట పోలేదు. కోపంతో అంటున్నది కాదన్నావు. ఆపాలనుంటే ఇప్పుడే ఆపండన్నావు."

అనని మాటలా చెరిపేద్దామనుకున్న మాట. అతను దాన్ని వారం రోజులుగా మోస్తున్నాడు. మోస్తూనే ఆమె పెట్టిన అన్నం తిన్నాడు, ఆమె పెట్టిన టీ తాగాడు.

"తెలిసి... తెలిసి కూడా ఆపలేదా?"

"ఆపాలంటే వెనక్కి తిరగాలి. తిరిగితే సంగతి చెప్పాలి. చెబితే నువ్వు ఉండిపోతావు, నాకు తెలుసు. నువ్వు అలాంటిదానివే."

"ఉండిపోతే ఏం? ఉండిపోవడం తప్పా?"

"నీకు తప్పు కాదు." అతనికి మాటలు రావడం లేదు, అయినా మానలేదు. అక్క అడిగిన ప్రశ్నకి అతను తెలియకుండానే జవాబు చెబుతున్నాడు. "నీ మాట కావాలంటే నేను నీ మొహం చూడాలి. ఇక బతికున్నన్నాళ్ళూ చూడాలి. జాలిపడి ఆగిపోయిన మనిషి మొహం అది. నువ్వు నోటితో ఎంత దాచుకున్నా అందులో కనబడుతుంది. నాకిప్పుడు మొహాలు బాగా కనబడుతున్నాయి చిట్టీ. అదే నా భయం. ఒక్కణ్ణే ఉంటే ఉంటాను. ఆ జాలిని రోజూ చూస్తూ ఉండలేను."

పేరు పెట్టి పిలిచాడు. ఎన్ని నెలలైందో.

జాలేనా? చిట్టి తనలోకి తను చూసుకుంది. జాలి ఉంది, లేదని అబద్ధమెందుకు? కోపమూ ఉంది. ఆ చీకటి కబుర్లు కావాలన్న ఆశా ఉంది. వీటన్నిటిలో ఏది ఎంతో, ఏది తన మొహం మీద ఇప్పుడు కనబడుతోందో ఆమెకి తెలియదు. కానీ ఏదో ఒకటి చెప్పితీరాలి. ఇప్పుడే చెప్పాలి.

"ఏమండీ," అంది.

ఆ ఒక్క మాట ఆమె పెదాల మీద చూడగానే అతను గబుక్కున అటు తిరిగిపోయాడు. విడగొట్టిన పలకలు ఒకదాని మీద ఒకటి సర్దడం మొదలుపెట్టాడు. సర్దినవే మళ్ళీ సర్దుతున్నాడు.

"ఏమండీ, ఇటు చూడండి."

వీపు. చొక్కాకి అంటిన పిండి. వంగిన మెడ.

చిట్టి పలకల్ని దాటుకుని, చుట్టూ తిరిగి, అతని ఎదురుగా వచ్చి నిలబడింది. రెండు చేతులతో అతని మొహం పట్టుకుని తన వైపుకి ఎత్తింది.

అతను కళ్ళు మూసుకున్నాడు.